పడ్డచోటే నిలబెట్టాలి

ఆదివారం పొద్దున బియ్యం సంచీ చంకన పెట్టుకుని హోసూరు మూకండపల్లి వీధిలో నడుస్తుంటే, చూసినవాళ్ళు నేను రాగులు మిల్లుకు తీసుకుపోతున్నాననుకుంటారు. అలా అనుకోవాలనే ఆ సంచీ. లోపల ఉండేది బ్యాటరీ కారు, దాని రిమోటు. యాభై దాటినవాణ్ణి. తల సగం నెరిసింది. కంపెనీలో నా కింద పని నేర్చుకున్న పిల్లకాయలు పెళ్ళిళ్ళు చేసుకుని ఇదే వీధిలో కాపురాలున్నారు. వాళ్ళలో ఎవరైనా ఆపి సంచీలో ఏముందని అడిగితే ఏం చెప్పాలో నాకు ఈరోజుకీ తోచదు. మా ఆవిడకి ఆ బాధ లేదు. ఎవరడిగినా మా ఇంటాయన బొమ్మకారు ఆడుకోవడానికి పోయినాడని నవ్వుతూ చెప్పేస్తుంది. సాయంత్రం నేను ఇంటికొచ్చాక, ఎవరెవరికి చెప్పిందో కూడా చెప్తుంది.

ఈ సిగ్గుకి అలవాటు పడిపోయాను. అలవాటు పడలేనిది ఇంకొకటి ఉంది. అది పెద్దాయన ఇంటి పెరట్లో, ఆయన కట్టిన గుట్ట దగ్గర మొదలయింది.

పెద్దాయన అని మేమందరం పిలిచే మనిషిది వేప్పనపల్లి వైపు పల్లె. వయసులోనే హోసూరు వచ్చి, లేతు మిషన్ మీద బతుకంతా గడిపి, రిటైరయ్యాక ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడు. ఇంటికంటే పెరడు పెద్దది. ఒక మూల తోతాపురి మామిడిచెట్టు, ఇంకో మూల నలుగురైదుగురు నిలబడేంత బట్టలుతికే బండ, మధ్యలో ఖాళీ. మాలో టెంపో నడిపే ఆయన ఒకరోజు కొడుకు విరగ్గొట్టిన బ్యాటరీ కారును బాగుచేయమని అక్కడికి తెచ్చాడట. పెద్దాయన దాన్ని బాగుచేసి, సరిగ్గా పోతుందో లేదో చూద్దామని పెరట్లో ఒక చుట్టు తిప్పాడు. ఇంకో చుట్టు తిప్పాడు. టెంపో ఆయన సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాల్సి వచ్చింది. కొన్నాళ్ళకి ఆ ఖాళీ జాగాలో ట్రాక్ వచ్చింది, తలా ఒక కారు కొనుక్కుని మేమంతా చేరాం. ఆ పిల్లవాడి కారు మాత్రం ఆ పిల్లవాడికి తిరిగి చేరలేదు.

అందరం కంపెనీల చుట్టూ బతికేవాళ్ళమే. ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు కొందరు, ఎప్పుడో వచ్చి ఇక్కడే పాతుకుపోయిన నాలాంటివాళ్ళు కొందరు. జాగా పెద్దాయనదే అయినా ట్రాక్ మాత్రం అందరిదీ. తలా ఒక పని చూసుకుంటాం. మామిడితోటల్లో పాతబడిన డ్రిప్ పైపులు తెచ్చి అంచులుగా బిగించేది ఒకరు. వాన వస్తే కప్పడానికి, ఎన్నికలు అయిపోయాక మిగిలిన ఫ్లెక్సులు పోగుచేసేది ఇంకొకరు. ఏ పార్టీ నాయకుడైనా మాకు పట్టింపు లేదు. అందర్నీ బోర్లా పడుకోబెట్టి పైన ఇటుకలు పెడతాం.

నేల పని నాది. మాది పలమనేరు పక్కన సేద్యం చేసుకునే ఇల్లు. కళ్ళం చదును చేసి పేడతో అలికిన చేతులని తెలిసి నాకు అప్పగించారు. శనివారం మొదటి షిఫ్టు దిగి నేరుగా అక్కడికే పోతాను. కార్లు తవ్విన గుంతల్లో ఎర్రమట్టి, చెరువుమట్టి కలిపి పూడ్చి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, కొంచెం ఆరాక పైదుమ్ము చీపురుతో ఊడ్చాలి. తడి ఎక్కువైతే చక్రాలకి బంక పట్టుకుంటుంది, తక్కువైతే కారు జారుతుంది. ఎంత తడి సరిపోతుందో అరికాలికి తెలుస్తుంది కాబట్టి చెప్పులు విప్పేసి పనిచేస్తాను. వారంలో నేను ఎవరి మీదా విసుక్కోకుండా గడిపే పూట అదొక్కటే.

గుట్ట మాత్రం పెద్దాయన కట్టింది. మామిడిచెట్టు మలుపు దాటగానే మోకాటి ఎత్తున ఉంటుంది. కారు వేగంగా, తిన్నగా వచ్చి దాన్నెక్కితే గాల్లోకి లేచి అవతల నాలుగు చక్రాల మీద దిగుతుంది. కొంచెం వంకరగా వచ్చిందా, బోర్లా పడుతుంది.

పడ్డ కారును ఎత్తడానికి మాకొక కట్టుబాటుంది. రిమోటు పట్టుకున్నవాళ్ళు బండ మీదే నిలబడి ఆడాలి, కిందికి దిగకూడదు. ఒక పందెం ఆడినవాళ్ళు తర్వాతి పందెం అయ్యేదాకా ట్రాక్‌లో నిలబడి అవతలివాళ్ళ కార్లు ఎత్తాలి. గెలిచినవాడికైనా తప్పదు. దగ్గర్లో ఏది పడితే దాన్ని ఎత్తాలి, మనవాడిదా కాదా అని చూడకూడదు. పడ్డచోటే నిలబెట్టాలి, జానెడు కూడా ముందుకు జరపకూడదు. ఇదంతా పెట్టింది పెద్దాయనే. మొదట్లో ఎవరైనా పొరపాటున ముందుకు పెడితే, యాడ పడిందో ఆడే పెట్టప్పా అని బండ మీద నుంచి కేకేసేవాడు.

పోయిన ఏడాది వానలప్పుడు ఆయన కుడిచేయి వణకడం మొదలయింది. మొదట టీ గ్లాసులో చూశాం. తర్వాత ట్రాక్ మీద చూశాం. రిమోటు పక్కన చిన్న చక్రం ఉంటుంది, దాన్ని వేళ్ళతో తిప్పితే కారు తిరుగుతుంది. చేతి వణుకంతా ఆ చక్రంలోకి, అక్కణ్ణుంచి కారులోకి పోయేది. తిన్నగా ఉన్న దారిలోనే కారు తాగినవాడిలా నడిచేది. మలుపుల్లో ఎలాగో నెట్టుకొచ్చినా గుట్ట దగ్గర బోర్లా పడేది. ఎత్తిపెడితే తర్వాతి చుట్టులో మళ్ళీ పడేది. మేం ఆయన మొహం చూడలేక మామిడికొమ్మలు చూస్తూ నిలబడేవాళ్ళం.

గుట్ట తగ్గించాలన్న ఆలోచన నాదే. ఇంకొకరి మీదికి తోయడానికి లేదు. ఒక శనివారం పెద్దాయన, ఆయన భార్య మా వదిన కృష్ణగిరిలో డాక్టరు దగ్గరికి పోయి ఉన్నారు. పెరట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. గుట్టపైన పారతో ఒక పొర గీసేశాను, రెండు వేళ్ళ మందం ఉంటుందేమో. నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఊడ్చి, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టనట్టు చేశాను. మా నాయన నేర్పిన పనితనమంతా ఆ పూట దానికే పనికొచ్చింది.

మర్నాడు పెద్దాయన కారు తక్కువసార్లు పడింది. నాకు ఎంత సంతోషమయిందంటే, తిరిగి వస్తూ సంచీ చంకలో ఉందన్న సంగతి కూడా మర్చిపోయి నడిచాను. తర్వాతి శనివారం ఆయన మధ్యాహ్నం నిద్రలో ఉండగా ఇంకొంచెం గీశాను. ఆ తర్వాత ఇంకొంచెం. టెంపో ఆయన ఒక్కడే కనిపెట్టాడు. మంచి పని చేసినావన్నా అని నా భుజం తట్టాడు. దాంతో ఇంకా ఉబ్బిపోయాను.

ఇంట్లో కూడా మెచ్చుకుంటారని మా ఆవిడకి చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆయన్ని అడిగినారా అంది. అడిగి చేసే పనా ఇది అని ఆమె మీద ఇంతెత్తున లేచాను. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. ఆమె అడిగింది ఒక్క మాట. దానికి నా దగ్గర జవాబు లేదని నాకు అప్పుడే తెలిసుండాలి, కాబట్టే అంత కోపం.

ఇంతలో పెద్దాయన ఒక ఆదివారం టీ తాగుతూ, డాక్టరు ఇచ్చిన మాత్రలు బాగా పట్టినాయి అన్నాడు. చేయి కుదుటపడుతోందని డాక్టరుకి చెప్పాడట, డాక్టరు కూడా సంతోషించి అవే వాడమన్నాడట. అందరం తలలూపాం. నేను అందరికంటే ఎక్కువ ఊపాను. టీ గ్లాసు ఆయన రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. దాన్ని చూసి కూడా ఊపాను.

గుట్ట దిగిపోయిందని ఆయనకి కొన్నాళ్ళకి అనుమానం వచ్చింది. వాన తినేసిందా అనుకుంటే ఫ్లెక్సు కప్పే ఉంది. చివరికి నేరం పందికొక్కు మీద పెట్టాడు. కింద బొరియ తవ్వుతోందని, అందుకే గుట్ట కుంగుతోందని మాకు వివరంగా చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. పొద్దున్నే మోపెడ్ వేసుకుని చెరువుకు పోయి, సిమెంటు సంచీలో తడిమట్టి మోసుకొచ్చి గుట్ట పెంచడం మొదలుపెట్టాడు. వారం మధ్యలో ఆయన పోసేవాడు, శనివారం నేను గీసేవాణ్ణి. నాకు ఒకటీ రెండుసార్లు నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత బోను తెచ్చి, ఎండుచేప ముక్క కట్టి గుట్ట పక్కన పెట్టాడు. నిజంగానే ఒక పందికొక్కు పడింది. బాగా బలిసినది. పాపం అది ఎండుచేప కోసం వచ్చింది, దానికి గుట్టతో ఏ సంబంధమూ లేదు. ఆ ఆదివారం మేమంతా పోయేసరికి పెద్దాయన బోను పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి చూపించాడు. నేనూ వంగి చూశాను. ఇదేనన్నా దొంగ అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. సాయంత్రం దాన్ని చెరువు అవతల వదిలేసి వచ్చాడు.

అదే సమయమని గీయడం ఆపేయాల్సింది. ఆపలేకపోయాను. ఆపితే ఆయన పోసిన మట్టి పోసినట్టే ఉంటుంది, గుట్ట మళ్ళీ లేస్తుంది, ఆయన మళ్ళీ పడతాడు. పడితే మాత్రలు పనిచేయడం లేదనుకుంటాడు. ఒకసారి చేయి పెట్టాక తీసే దారి కనపడలేదు. ఆ వారంలోనే వదిన నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. మట్టి మోసి మోసి ఆయనకి నడుం పట్టుకుందని, రాత్రిళ్ళు నూనె రాస్తున్నానని, తన మాట వినడని, నీ మాటైతే వింటాడు చెప్పప్పా అని బతిమాలింది. సరే వదినా అన్నాను. బయటికొచ్చి దిమ్మిస కడిగి గోడకి ఆనించి ఇంటికొచ్చేశాను.

తర్వాతి శనివారం వాళ్ళిద్దరూ బంధువుల పెళ్ళికి పోతారని తెలుసు. వెనక గేటు తీసుకుని పెరట్లోకి వచ్చాను. చెప్పులు విప్పి, నేల తడిపి, గుట్ట దగ్గరికి పోయి పార వేశాను. రెండోసారి వేసి మట్టి పక్కకి లాగుతుంటే బండ వెనక ఏదో కదిలింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు. నడుముకి తువ్వాలు బిగించి కట్టుకుని ఉన్నాడు. చేతిలో కర్ర. పెళ్ళికి వదిన ఒక్కతే పోయింది. ఇంకో పందికొక్కు ఉందేమోనని ఆయన కాపలా కూర్చున్నాడు.

కొంతసేపు ఆయనకి అర్థం కాలేదు. నేను కూడా పందికొక్కు కోసమే తవ్వుతున్నాననుకున్నట్టున్నాడు, దగ్గరికొచ్చి బొరియ కోసం చూశాడు. బొరియ లేదు. గీసిన పొర, పక్కన కుప్పగా మట్టి, నా చేతిలో పార ఉన్నాయి.

"నువ్వా అప్పా?" అన్నాడు.

ఉన్నదంతా చెప్పాను. ఎప్పుడు మొదలుపెట్టిందీ, ఎందుకు చేసిందీ. చెబుతున్నకొద్దీ నా మాటలు నాకే చెత్తగా వినిపించాయి. మీరు పడతాంటే చూడలేక చేసినానన్నా అని ముగించాను.

ఆయన కర్ర బండకి ఆనించి, గుట్ట పక్కన మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. గీసినచోట అరచేయి పెట్టాడు. చేయి మట్టి మీద కూడా వణుకుతోంది.

"చేయి యెట్లుండాదో నాకెట్ల తెలుస్తుందప్పా? ఈ గుట్ట చూసే కద తెలుసుకునేది. ఇన్ని తూర్లు పడతాంటి, ఇప్పుడు ఇన్నే పడతాండానని డాక్టరుకి చెప్పినాను. బాగైందని చెప్పి వచ్చినాను. అందుకే కద ఎత్తు తగ్గకుండా మట్టి మోసేది."

ఆయన నావైపు చూడకుండానే ఇంకో మాట అన్నాడు.

"పడితే ఎత్తేదానికి మనిషి ఉంటాడు కద. నువ్వు చూడలేకపోతే పక్కకి తిరుక్కోవల్సింది."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మా కంపెనీ. కొన్నేళ్ళ కింద నాకు చూపు తగ్గి, లైన్ మీద నేను తనిఖీ చేసే పీసుల్లో చెడిపోయినవి ఒకటీ అరా కంట పడకుండా పోయాయి. నాకెవరూ చెప్పలేదు. నేను చూసిన పెట్టెలను నా వెనకాలే ఇంకొకరు మళ్ళీ చూసేవారట. నేను మాత్రం నా పని భేషుగ్గా ఉందనుకుంటూ తిరిగాను. చివరికి విశ్రాంతి కావాలి మీకు అని నవ్వుతూ స్టోరుకి మార్చారు. ముందే చెప్పి ఉంటే కళ్ళద్దాలు మార్చుకునేవాణ్ణి కదా అని ఎన్నాళ్ళు కుమిలిపోయానో మా ఆవిడకి తెలుసు. అంత కుమిలినవాణ్ణి, సరిగ్గా అదే పని ఈయనకి చేశాను. పైగా అది దయ అనుకున్నాను. సిగ్గంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. బియ్యం సంచీలో దాచుకునేది అసలు సిగ్గే కాదు.

పెద్దాయన లేచి, సోమవారం మళ్ళ కృష్ణగిరికి పోవల్ల, ఉండేది ఉన్నట్టు చెప్పల్ల అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత ఆ మట్టి ఎత్తి పొయ్యి అన్నాడు. నేను పోశాను. ఇంకా పొయ్యి అన్నాడు. పోస్తూ, నీళ్ళు చల్లుతూ, దిమ్మిసతో కొడుతూ పోయాను. ఆయన మధ్యమధ్య వచ్చి గుట్ట పక్కన నిలబడి మోకాలితో ఎత్తు చూసుకున్నాడు. మోకాలికి సమానం అయ్యాక చాలన్నాడు. టీ పెట్టి ఇస్తానన్నాడు కానీ నేను తాగే స్థితిలో లేను.

ఆదివారం అందరూ వచ్చారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. వస్తూనే గుట్ట చూసి టెంపో ఆయన నావైపు కనుబొమలు ఎగరేశాడు. నేను తల దించుకున్నాను.

మొదటి పందెంలో పెద్దాయన ఆడాడు. దానికి ముందు ఆడినవాళ్ళు ఉండరు కాబట్టి రెండో పందెం వాళ్ళం మేమే ఎత్తడానికి నిలబడ్డాం. నేను కావాలని గుట్ట దగ్గర నిలబడ్డాను. మొదటి చుట్టులోనే ఆయన కారు బోర్లా పడింది. ఎత్తాను. ఒక జానెడు ముందుకు, కొంచెం నేరుగా పెడితే చాలు, ఎవరికీ తెలియదు. చేతులు అటే పోతున్నాయి. పడ్డచోటే నిలబెట్టాను. మళ్ళీ చుట్టులో పడింది, మళ్ళీ అక్కడే నిలబెట్టాను. ప్రతి చుట్టులోనూ అంతే. మిగతావాళ్ళు ముగించేసి రిమోట్లు కింద పెట్టాక కూడా ఆయనకి చుట్లు మిగిలే ఉన్నాయి. బండ మీద ఆయన ఒక్కడే. ఎవరూ మామిడికొమ్మలు చూడలేదు, ఆయన ముగించేదాకా ఆయన కారునే చూశాం. ముగించి, నుదురు తుడుచుకుని, చెమటతోనే బండ దిగి ట్రాక్‌లోకి వచ్చాడు. పందెం ఆడినవాడు తర్వాత ఎత్తాలి కదా.

ఎక్కడ నిలబడమని ఎవరూ చెప్పలేదు. ఆయనే పోయి గుట్ట దగ్గర నిలబడ్డాడు.

మా పందెం మొదలయింది. నేను ముందున్నాను. మామిడిచెట్టు మలుపు తిరిగి గుట్ట ఎక్కాను. ఇన్నాళ్ళూ నేను గీసిన గుట్టకి నా చేతులు కూడా అలవాటు పడిపోయాయని అప్పటిదాకా నాకు తట్టలేదు. కారు పక్కకి లేచి, అవతల వెల్లకిలా పడి, చక్రాలు గాల్లో తిరుగుతూ ఉండిపోయింది. వెనకాలే వచ్చిన టెంపో ఆయన కారు కూడా పడింది, కానీ అది దొర్లి చక్రాల మీద నిలబడి ముందుకు పోయింది.

పెద్దాయన కదిలాడు. నడుం పట్టుకుని ఒక్కో అడుగూ వేశాడు. వంగడానికి మోకాళ్ళ మీద చేతులు ఆనించుకున్నాడు. వంగాక చేయి కారు దగ్గరికి పోయింది కానీ వేళ్ళకి పట్టు దొరకలేదు, జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. కార్లన్నీ ఆయన కాళ్ళ పక్క నుంచి పోతున్నాయి, ఒక చుట్టు అయిపోయి రెండోది వస్తోంది. బండ మీద నా పక్కనున్న టెంపో ఆయన ఉండబట్టలేక, నేను పోయి ఎత్తి వస్తానన్నా అని రిమోటు కింద పెట్టి ఒక కాలు కిందికి దించాడు.

నేను అతని భుజం గట్టిగా పట్టుకున్నాను.

"ఉండప్పా," అన్నాను. "ఆయనే ఎత్తుతాడు."

రిమోటు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆయన రెండో చేయి కూడా తెచ్చి కారును పట్టుకున్నాడు, తిప్పాడు, పడ్డచోటే నాలుగు చక్రాల మీద నిలబెట్టాడు.